తడి సంచి, పొడి సంచి: విశాఖ–హైదరాబాద్ ఫ్లైట్‌లో ఆరు వారాలు

మొదటి రోజు

13.2 కిలోలు. పొద్దున విశాఖ నుంచి హైదరాబాద్ తిరిగొచ్చే మా ఫ్లైట్‌లో ఈ రోజు 168 మంది ఎక్కారు. దిగేసరికి ముందు గ్యాలీలో (విమానంలో మా వంటగది లాంటి చోటు) ఒక సంచి, వెనక గ్యాలీలో మూడు సంచుల చెత్త తయారైంది. సూట్‌కేసు తూచుకోవడానికి ఇంట్లో వాడే చేతి కాటాని బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. నాలుగు సంచుల్నీ ఒక్కొక్కటిగా దానికి తగిలిస్తే వచ్చిన లెక్క ఇది. తూయడానికి నలభై సెకన్లు పట్టింది.

ఎనిమిదేళ్లుగా కేబిన్ క్రూలో ఉన్నాను, రెండేళ్లుగా లీడ్‌గా చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని సంచులకు మూతి కట్టి ఇచ్చానో లెక్కే లేదు. అవి ఎక్కడికి పోతాయో ఒక్కసారి కూడా అడగలేదు. ఇంట్లో అయితే స్వచ్ఛ ఆటో వచ్చే వేళకి తడి చెత్త ఆకుపచ్చ బకెట్‌లో, పొడి చెత్త నీలం బకెట్‌లో ఉండాల్సిందే. లేకపోతే మా అత్తగారు ఊరుకోరు. ఇంటి దగ్గర కూరగాయ తొక్కు కూడా వేరుగా వేసే నేను, డ్యూటీ ఎక్కగానే టీ, టిష్యూ, క్యాన్, సగం తిన్న శాండ్‌విచ్ అన్నీ ఒకే సంచిలో కుక్కేస్తున్నాను. ఇది చాలా రోజులుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

బేస్ మేనేజర్ మేడంని అడిగితే ఆరు వారాలకు సరేనన్నారు. ఫ్లైట్ లేటవకూడదు, సేఫ్టీ రూల్ ఒక్కటి కూడా తప్పకూడదు, కంపెనీ మీద కొత్త ఖర్చు పడకూడదు. ఈ మూడూ ఆవిడ షరతులు. రూట్ కూడా ఇదొక్కటే. మిగతా ముగ్గురు లీడ్‌లు కూడా తమ రోస్టర్‌లో ఈ ఫ్లైట్ పడిన రోజున బరువు తూచి వాట్సాప్ గ్రూపులో పెడతామన్నారు.

ఇంటర్నేషనల్ ఫ్లైట్ల జోలికి వెళ్లకూడదని ముందే అనుకున్నాను. యూరోపియన్ యూనియన్‌లోనైతే బయటి దేశాల నుంచి వచ్చిన విమానాల్లో మిగిలిన తిండిని అన్నిటికంటే ప్రమాదకరమైన కేటగిరీ 1 వ్యర్థం కింద లెక్కగట్టి, కాల్చేయడమో లోతుగా పూడ్చేయడమో చేస్తారు. మాంసం, పాల పదార్థాల వెంట పశువుల జబ్బులు సరిహద్దు దాటతాయన్న భయం వాళ్లది. ఆ భయంలో న్యాయం ఉంది. తిండి తగిలితే ప్లాస్టిక్, కాగితం కూడా ఆ కేటగిరీలోకే పోతాయి కాబట్టి వేరు చేయడం అక్కడ చాలా కష్టం. దేశం లోపల తిరిగే ఫ్లైట్‌కి ఆ ఇబ్బంది లేదు. చేయగలిగిన చోట కూడా మేం చేయడం లేదన్నదే నా బాధ.

నాలుగో రోజు

ఈ రోజు ఒక సంచిని విప్పి చూశాను.

కేటరింగ్ సూపర్‌వైజర్ గారు తమ యార్డ్‌లో ఒక మూల పాత టార్పాలిన్ పరిపించారు. వెనక గ్యాలీ సంచుల్లో 4.6 కిలోలున్నది ఒకటి తీసుకుని గ్లవ్స్, మాస్క్ వేసుకుని దాని మీద కుమ్మరించాను. క్లీనింగ్ టీమ్‌లో ఒక అక్క నాకు సాయంగా కూర్చుంది. శంషాబాద్ పక్క ఊరు ఆవిడది. నాకు పట్టిన సగం టైంలో రెండింతలు ఏరింది.

ముందు బయటికి వచ్చింది నీళ్లు. నీళ్లంటే టీ, కాఫీ, టొమాటో జ్యూస్, కూల్‌డ్రింక్, కరిగిన ఐసు అన్నీ కలిసిన గోధుమ రంగు నీళ్లు. ఒక బకెట్‌లోకి వంచి తూస్తే 1.7 కిలోలు తేలింది. అంటే సంచి బరువులో మూడో వంతు కంటే ఎక్కువ తాగకుండా వదిలేసిన పానీయమే. తినగా మిగిలిన తిండి 0.9 కిలో. కాగితం కప్పులు, డబ్బాలు, టిష్యూలు కలిపి 1.1. నీళ్ల సీసాలు, క్యాన్లు 0.5. మిగిలిన 0.4 కిలో చిప్స్ ప్యాకెట్లు, ఫాయిల్ మూతలు, చెక్క స్పూన్లు.

లెక్క కంటే ఎక్కువ మనసులో నిలిచింది ఒక శాండ్‌విచ్ డబ్బా. తెల్లటి మంచి అట్టతో చేసిన డబ్బా అది. లోపల శాండ్‌విచ్ మొత్తం తినేశారు, ఒక్క మరక లేదు. పైన మాత్రం ఎవరిదో టీ ఒలికి అట్ట నాని మెత్తబడిపోయింది. అక్క దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. “ఇది ఎండగుంటే ఆడ తీస్కుంటరు మేడం. తడిస్తే ఎవ్వరు ముట్టరు.”

దానికి పట్టిన తడి 1.7 కిలోల్లో ఒక చెంచా అయినా ఉండదు.

నాకు ఆ క్షణంలోనే విషయం తెలిసింది. ప్లాస్టిక్ ఎంత, కాగితం ఎంత అని తల బద్దలు కొట్టుకుంటూ ఈ పనిలోకి దిగాను. అసలు చెడగొడుతున్నది ద్రవం. దాన్ని మొదటే వేరు చేయగలిగితే మిగతా చెత్తలో సగానికి పైగా బతుకుతుంది.

ఐదో రోజు

మా క్యాటలాగ్‌లో కాగితం కప్పు బొమ్మ పక్కన ఆకు గుర్తు ఉంటుంది. వాడిన కప్పు ఒకటి నిన్న ఇంటికి తెచ్చి రాత్రంతా నీళ్లలో నానబెట్టాను. పొద్దున అంచు దగ్గర గోరుతో గీకితే లోపలి పొర పాము కుబుసంలా పూర్తిగా ఊడి వచ్చింది. పల్చటి, పారదర్శకమైన పాలిథిన్. టీ కారకుండా ఆపుతున్నది అదే. కాగితం, ప్లాస్టిక్ రెండూ అతుక్కుని ఉంటే మామూలు కాగితం మిల్లు దీన్ని తీసుకోదు. రెంటినీ విడగొట్టే ప్రత్యేకమైన మిల్లులు కావాలి.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్పూన్లు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, స్టిర్రర్లు, ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు నిషేధంలో ఉన్నాయి. మేం సీట్ల మధ్య తోసుకెళ్లే కార్ట్‌లోకి చెక్క స్పూన్ వచ్చింది అప్పుడే. అది మంచి మార్పే, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ స్పూన్ మారింది కదా, ఇక మన పని అయిపోయింది అనుకున్నాం. ఇల్లు అలకగానే పండగ కాదు. కప్పు లోపలి పొర నా టేబుల్ మీద ఇంకా తడిగానే ఉంది.

రెండో వారం

ఈ వారమంతా గ్యాలీలో చోటు వెతకడంతోనే సరిపోయింది.

బయటివాళ్లు చాలామంది రెండు డబ్బాలు పెట్టుకోండి, సరిపోతుంది కదా అంటారు. విమానంలో అది అంత తేలిక కాదు. టేకాఫ్, ల్యాండింగ్ వేళ కేబిన్‌లో ఏ వస్తువూ వదులుగా ఉండకూడదు. ప్రతి కార్ట్, ప్రతి డబ్బా తన చోట్లో లాక్ అయి ఉండాలి. చెత్త ఉండే చోటైతే మంట అంటుకున్నా బయటికి రాకుండా మూసుకునే మూతతో ఉండాలి. రంగు బకెట్ ఒకటి కొనుక్కొచ్చి గ్యాలీలో పెట్టే వీలు లేదు. సేఫ్టీ విభాగానికి మూడు బొమ్మలు గీసి పంపాను. రెండు తిప్పి పంపారు. మూడోదానికి ఆరో రోజున సరేనన్నారు: కొత్త వస్తువు ఏదీ వద్దు, ఇప్పుడున్న వేస్ట్ కార్ట్ లోపలే రెండు సంచులు, మధ్యలో అడ్డుగా ఒక ఖాళీ డ్రాయర్.

తర్వాత ద్రవం సంగతి. గ్యాలీ సింక్‌లో పోస్తే పోతుంది కదా అనిపిస్తుంది. మా ఎ320 రకం విమానంలో సింక్‌లో పోసింది విమానం పొట్ట కింద ఉండే డ్రెయిన్ మాస్ట్ గుండా బయటి గాలిలోకి వెళ్లిపోతుంది. గడ్డకట్టకుండా ఆ గొట్టాన్ని వేడిగా ఉంచుతారు. పాలు, జ్యూస్, కాఫీ అందులో పోస్తే చక్కెర, పాలు పేరుకుని మూసుకుపోతుంది. అందుకే ట్రైనింగ్‌లోనే మాకు చెబుతారు, నీళ్లు తప్ప ఏదీ సింక్‌లో పోయకండి, టాయ్‌లెట్‌లో పోయండి అని. టాయ్‌లెట్‌లో పోస్తే వేస్ట్ ట్యాంక్‌లోకి చేరుతుంది, కింద దాన్ని ఖాళీ చేసే బండి వేరే ఉంది.

కాబట్టి పద్ధతి ఇలా కుదిరింది. చెత్త తీసుకునే రౌండ్‌లో కార్ట్ మీద మూత ఉన్న జగ్గు ఒకటి. కప్పు చేతికి రాగానే మిగిలింది జగ్గులోకి, కప్పు కప్పులోకి. క్యాన్లు, సీసాలు, పొడి అట్ట ఎడమ సంచిలోకి. తిండి, టిష్యూ, మిగతావి కుడి సంచిలోకి. రౌండ్ అయ్యాక ఒకరు జగ్గు తీసుకెళ్లి టాయ్‌లెట్‌లో వంచాలి.

చెప్పడానికి నాలుగు వాక్యాలు. మా ఫ్లైట్ గాలిలో ఉండేది గంట లోపే. ఎక్కే, దిగే సమయం తీసేస్తే సర్వీసుకి, చెత్తకి కలిపి మాకు దక్కేది దాదాపు అరగంట. 180 సీట్ల విమానంలో మేం నలుగురం.

మూడో వారం, సోమవారం

మొదటిసారి రెండు సంచులతో ఎగిరాం. బాగా జరగలేదు.

మామూలుగా ఎనిమిది నిమిషాల్లో అయ్యే రౌండ్‌కి పద్నాలుగు నిమిషాలు పట్టింది. పన్నెండో వరుస దగ్గర ఒకాయన టీ కప్పులో టిష్యూ, దాని మీద చక్కెర కవర్లు, ఆ పైన అరటి తొక్క కుక్కి ఇచ్చారు. నా జూనియర్ అమ్మాయి అవన్నీ వేళ్లతో తీయబోయింది. వెనక కార్ట్ ఆగిపోయింది. పందొమ్మిదో వరుస దాకా రాకముందే కెప్టెన్ సీట్ బెల్ట్ సైన్ వేశారు. గాలి ఊపు మొదలైంది. మిగిలినవాళ్ల చెత్త పాత పద్ధతిలోనే ఒకే సంచిలో వేయించి కార్ట్ లోపల పెట్టి లాక్ చేయించాను. జగ్గు అప్పటికి సగం నిండి ఉంది, మూత గట్టిగా ఉంది కాబట్టి బతికాం.

ల్యాండింగ్ అప్పుడు జంప్ సీట్‌లో (క్రూ కూర్చునే మడత సీటు) కూర్చుని ఒక్కటే అనుకున్నాను: కప్పులోంచి చెత్త ఏరడం మా పని కాకూడదు. అక్కడ ఆగామంటే రౌండ్ మొత్తం పోయినట్టే. అలాంటి కప్పు వస్తే ప్రశ్న లేకుండా కుడి సంచిలోకే. దక్కింది దక్కుతుంది.

మూడో వారం, గురువారం

ఈ రోజు రౌండ్ పదిన్నర నిమిషాల్లో అయిపోయింది. ఎడమ సంచి ఎంత శుభ్రంగా ఉందంటే, మూతి కట్టబోతూ ఫోటో తీసుకున్నాను. క్యాన్లు, సీసాలు, పొడి డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన కప్పులు. 2.9 కిలోలు. జూనియర్లు ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

నాకు ఆగలేదు. డ్యూటీ అయిపోయింది కాబట్టి ఆ సంచి వెనకే ర్యాంప్ మీదికి, అంటే విమానం ఆగి ఉన్న నేల మీదికి దిగాను, ఎటు పోతుందో చూద్దామని. క్లీనింగ్ వాళ్లు వెనక మెట్ల మీదుగా సంచులన్నీ కిందికి దించారు. కింద చక్రాల బండి ఒకటి ఉంది. ఎడమ సంచి పడింది. దాని మీద కుడి సంచి పడింది. కుడి సంచి అడుగు చిరిగి ఉంది. మిగిలిన పెరుగన్నం, పచ్చడి నూనె నా శుభ్రమైన సంచి మీదుగా కారడం కళ్లారా చూశాను. పక్క విమానం నుంచి వచ్చిన ఆరు సంచులు కూడా ఆ పైనే పడ్డాయి.

బూడిదలో పోసిన పన్నీరు అంటారు చూడండి, అలా అయింది.

నాలుగో రోజున నాతో కూర్చున్న అక్కే ఆ బండి దగ్గర ఉంది. “అక్కా, అది వేరే సంచి కదా” అన్నాను. నా గొంతు నాకే కాస్త గట్టిగా వినపడింది. ఆవిడ కోప్పడలేదు. “నాకెర్కే మేడం, తెల్ల కవరంటే ఎండ చెత్తని మీ పిల్లలు చెప్పిండ్రు. కానీ కింద ఉన్నది ఒక్క బండే. ఎన్ని కవర్లిచ్చినా అండ్లనే ఏస్తం. రెండో బండి ఇయ్యున్రి, నేను కలుపుతనా?”

తప్పు ఆవిడది కాదు. పైన అంతా సర్దాను, కింద ఎన్ని బండ్లున్నాయో చూడాలని నాకు తట్టలేదు. మూడు వారాలు గ్యాలీ గురించే ఆలోచించాను.

తలెత్తి చూస్తే రెండు గద్దలు తిరుగుతున్నాయి. రన్‌వే దగ్గర పక్షి అంటే మా అందరికీ టెన్షనే. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు చెత్త, మాంసం వ్యర్థాలు పారబోయకూడదని ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, 1937లోని 91వ రూల్ చెబుతుంది. వాసన వస్తే పక్షి వస్తుంది, పక్షి ఇంజన్‌లోకి వస్తుంది. పైన తడి చెత్తను విడిగా మూతి బిగించి దించితే ఆ విధంగానూ మేలేనని కొత్తగా ఒక కారణం దొరికింది. మీటింగ్‌లో దీన్నే ముందు చెప్పాలని రాసుకున్నాను.

నాలుగో వారం

విమానం ఎక్కలేదు, ప్రయోగం ఆపేశాను. రెండో బండి లేకుండా జూనియర్ల చేత ఊరికే కష్టం చేయించడం నాకిష్టం లేదు.

మీటింగ్ జరిగింది. బేస్ మేనేజర్ మేడం, కేటరింగ్ సూపర్‌వైజర్ గారు, క్లీనింగ్ కాంట్రాక్టర్ తరఫున ఒకాయన వచ్చారు. ఒక సీనియర్ కెప్టెన్ గారు వేరే పని మీద వచ్చి కూర్చుండిపోయారు. కాంట్రాక్టర్ తరఫు ఆయన, బండి అంటే మనిషి, మనిషి అంటే బిల్లు అన్నారు. అది నిజమే.

కెప్టెన్ గారు ఒక ప్రశ్న వేశారు. “ఈ విమానం గంటకు దాదాపు 2,400 కిలోల ఇంధనం కాలుస్తుందమ్మా. నువ్వు 13 కిలోల చెత్త గురించి ఇంత తపన పడుతున్నావు. ఏమిటి లెక్క?”

వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. బోర్డు మీద ఇద్దరం కలిసి లెక్క వేశాం. ఒక కిలో జెట్ ఇంధనం కాలిస్తే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే గంటకు ఏడున్నర టన్నులు. విమానంలో అదనంగా మోసే బరువుకి గంటకు సుమారు మూడు శాతం చొప్పున ఇంధనం అవుతుందన్నది మా దగ్గర వాడుకలో ఉన్న లెక్క. నేను అనవసరమైన లోడ్ పది కిలోలు తగ్గించగలిగితే గంటకు మిగిలేది 0.3 కిలో ఇంధనం, దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్. ఏడున్నర టన్నుల పక్కన ఒక కిలో. బోర్డు మీద అది చిన్నగానే కనిపించింది, దాచడానికేమీ లేదు.

నేను చెప్పింది ఇదీ. సార్, ఇంజన్ సంగతి ఇంజన్ చేసేవాళ్లు, ఇంధనం చేసేవాళ్లు చూడాలి. అది నా చేతిలో లేదు. కానీ ఈ సంచి నా చేతుల మీదుగా వెళ్తోంది. ఇది గాలిలో కలిసే సమస్య కాదు, ఏదో ఒక ఊరి పక్కన గుట్టగా పేరుకునే సమస్య. ప్రపంచ ఎయిర్‌లైన్స్ సంఘమైన ఐఏటీఏ లెక్క ప్రకారం 2016లో ప్రపంచంలోని ఎయిర్‌లైన్స్ అన్నీ కలిపి 52 లక్షల టన్నుల కేబిన్ చెత్త దింపాయి. ఇంధనం లెక్క దీన్ని చిన్నది చేయదు.

అక్కడే ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ సంగతి కూడా చెప్పాను. 2019 మే 8న సిడ్నీ నుంచి అడిలైడ్ వెళ్లిన ఒక ఫ్లైట్‌లో పూడ్చే చెత్త అసలు లేకుండా చేసి చూపించారు. మామూలుగా ఆ ఫ్లైట్‌లో 34 కిలోల చెత్త వచ్చేది. చెరకు పిప్పి డబ్బాలు, పిండి పదార్థంతో చేసిన స్పూన్లు వాడి, మిగిలినదంతా రీసైక్లింగ్‌కో కంపోస్టుకో పంపారు. అంతకు ముందు, 2018 డిసెంబరులో పోర్చుగల్‌కి చెందిన హై ఫ్లై అనే ఎయిర్‌లైన్ లిస్బన్ నుంచి బ్రెజిల్‌కి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా ఎగిరింది. నా దృష్టిలో ఈ రెంటిలోనూ గొప్ప విషయం డబ్బాలు కాదు. కింద ఆ డబ్బాల్ని తీసుకునే చోటు ముందే సిద్ధంగా ఉండటం.

కేటరింగ్ సూపర్‌వైజర్ గారు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. చివర్లో, “యార్డ్‌లో మూత విరిగిన బండి ఒకటి పడి ఉంది, వెల్డింగ్ చేయిస్తా” అన్నారు. పొడి చెత్త తీసుకునే చోటుకి మా కేటరింగ్ బండి ఎలాగూ రోజుకి రెండుసార్లు వెళ్తుంది, పొడి సంచుల్ని అదే తీసుకెళ్తుంది. కాంట్రాక్టర్‌కి కొత్త మనిషి అక్కర్లేదు. బిల్లు పెరగదు.

మీటింగ్‌లో అంతమంది ఉండగా పరిష్కారం ఒక విరిగిన మూత దగ్గర దొరికింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఐదో వారం

బండి వచ్చింది. మూతకి నీలం రంగు వేయించారు. ఆ రంగు వేయమని అక్కే చెప్పింది: “మా ఊర్లె ఎండ చెత్తది నీలమే కదా.” మళ్లీ మొదలుపెట్టాం.

ఈసారి అనౌన్స్‌మెంట్ కూడా మార్చాను. మొదట ఇంగ్లీషులో, హిందీలో “వ్యర్థాలను వేరు చేసి సహకరించండి” అన్న తరహాలో చెప్పాం. ఎవరూ తలెత్తలేదు. విశాఖ నుంచి వచ్చే ఫ్లైట్‌లో సగానికి పైగా తెలుగువాళ్లే. మంగళవారం నేనే మైక్ తీసుకుని ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. “తడి చెత్త, పొడి చెత్త మీ అందరికీ తెలిసిందే. కప్పులో టీ, కాఫీ మిగిలితే టిష్యూ అందులో వేయకండి, కప్పు అలాగే మాకివ్వండి. ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఇవ్వండి. అంతే చాలు.”

తేడా ఆ రోజే కనిపించింది. మూడు సీట్ల వరుసలో అటు చివర కూర్చున్నాయన పక్కవాళ్ల కప్పులు కూడా తీసుకుని తన కప్పులో దూర్చి ఇచ్చారు. ఏడో వరుసలో ఒక పెద్దావిడ స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చుకున్నారు. నేను చేయి చాపితే డబ్బా వెనక్కి లాక్కుని, “ఇది చెత్త కాదు తల్లీ, కడుక్కుని మళ్లీ వాడుకునేది” అన్నారు. మా కార్ట్‌లో ఉన్న దేన్ని గురించీ నేను ఆ మాట అనలేను.

ఈ వారం లెక్కలు: ఆరు ఫ్లైట్లలో రౌండ్ సగటున తొమ్మిది నిమిషాలు. పొడి సంచి 2.6 నుంచి 3.4 కిలోల మధ్య. జగ్గులో వంచింది ఫ్లైట్‌కి నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూ. అంటే మొదటి రోజు నేను తూచిన 13.2 కిలోల్లో చెత్త కానిది ఎంత ఉందో! ఒక్క ఫ్లైట్ కూడా మా వల్ల లేటవలేదు. ఒక రోజు జగ్గు వంచేలోపు టాయ్‌లెట్ దగ్గర ఐదుగురు లైన్‌లో నిలబడ్డారు. ముందు వాళ్లను వెళ్లనిచ్చి, జగ్గును గ్యాలీలో దాని చోట పెట్టి లాక్ చేసి, ల్యాండ్ అయ్యాక వంచాం. ఆ రోజు తప్ప ఇబ్బంది రాలేదు.

కప్పులు మాత్రం ఇంకా దారిన పడలేదు. శుభ్రంగా, పొడిగా దొంతులు పేర్చి ఇచ్చినా లోపలి పాలిథిన్ పొర వల్ల కాగితం కింద తీసుకోలేదు. క్యాన్లు, సీసాలు, అట్ట తీసుకున్నారు. కప్పుల దొంతులు వేరే సంచిలో యార్డ్‌లోనే ఉన్నాయి. వాటిని పడేయనివ్వడం లేదు నేను.

ఆరో వారం

చెత్తలోకి రాకముందు సంగతి ఒకటి రాయాలి.

మా శాండ్‌విచ్‌లు ఏ రోజుకారోజు. వారంలో ఏ రోజైనా, ఎంతమంది ఎక్కినా, ఇంచుమించు అంతే సంఖ్యలో ఎక్కిస్తారు. ఈ వారం రాసుకున్నాను: సోమవారం అన్నీ అయిపోయి ఇద్దరికి లేవని చెప్పాను. మంగళవారం 11 మిగిలాయి. బుధవారం 9. సీలు కూడా విప్పనివి. దిగగానే అన్నీ పారేయాల్సిందే.

వీటిని ఎవరికైనా ఇవ్వలేమా అని సూపర్‌వైజర్ గారిని అడిగాను. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లోనే నిబంధనలు తెచ్చింది. కిచెన్‌లోనే మిగిలినదానికి దారి ఉందన్నారాయన. విమానం ఎక్కి దిగినదానికి మాత్రం ఒప్పుకోలేదు. ఐదు డిగ్రీల లోపు ఉండాల్సిన శాండ్‌విచ్ కార్ట్‌లో, ఎండలో నిలబడ్డ బండిలో ఎన్ని గంటలు ఏ వేడిలో ఉందో చెప్పలేం. “ఇచ్చింది తిని ఒక్క పిల్లాడికి వాంతులైతే ఆ పాపం ఎవరిదమ్మా?” ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆయన చెప్పిందే సరైనది.

మిగిలిన దారి తక్కువ ఎక్కించడమే. జపాన్ ఎయిర్‌లైన్స్‌లో భోజనం వద్దనుకునేవాళ్లు ముందే చెప్పే ఏర్పాటు ఉంది. నిద్రపోవాలనుకునేవాళ్లు ముందే చెబితే ఆ భోజనం విమానం ఎక్కదు. మాది కొనుక్కునే పద్ధతి కాబట్టి అచ్చంగా అలా కుదరదు. ముందే బుక్ చేసుకున్న సంఖ్య, వారం రోజు, ఈ రెండూ చూసి శాండ్‌విచ్‌లు ఎక్కించమని ఒక కాగితం రాసిచ్చాను. మంగళ, బుధవారాలకి ఎనిమిది తగ్గించి రెండు వారాలు చూద్దామన్నారు.

శుక్రవారం, ఆఖరి ఫ్లైట్

ఆరు వారాలు ఈ రోజుతో పూర్తి. 171 మంది. పొడి సంచి 3.2 కిలోలు, తడి సంచులు రెండు కలిపి 5.8, జగ్గు 4.1. మొత్తం 13.1. మొదటి రోజుకీ ఈ రోజుకీ మొత్తం బరువులో తేడా లేనట్టే. మొదటి రోజు అదంతా ఒకే గుట్టలోకి పోయింది.

సంచి వెనకే మళ్లీ కిందికి దిగాను. అక్క నీలం మూత ఎత్తి తెల్ల కవరు అందులో వేసి, మూత వేసి, దాని మీద చేయి పెట్టి నా వైపు చూసింది. “సూడు మేడం, మంచిగ కట్టిండ్రు ఇయ్యాల.” కొత్తగా చేరిన క్లీనింగ్ అబ్బాయి తడి సంచి తెచ్చి అదే బండి వైపు వస్తుంటే, “అరే, గది కాదు, ఆ దాంట్ల ఎయ్యి” అని ఆపింది.

బేస్ మేనేజర్ మేడం ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఇంకా మిగిలినవి: కప్పులు తీసుకునే మిల్లు వెతకాలి. చెక్క స్పూన్లు తడి సంచిలో వేస్తున్నాం, అవి కంపోస్టులోకి పోతున్నాయో లేదో వెళ్లి చూడాలి. హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పటి ఫ్లైట్‌లో సంచులు విశాఖలో దించుతున్నాం, అక్కడ ఒక్క బండే ఉంది. సాయంత్రం విశాఖ స్టేషన్ నుంచి క్లీనింగ్ సూపర్‌వైజర్ గారు ఫోన్ చేశారు. మా దగ్గర కూడా పాత బండి ఒకటుంది మేడం, మూత బాగానే ఉంది, ఏ రంగు వేయించమంటారు అని అడిగారు. నీలమే వేయించమన్నాను.